మావయ్య హిట్లర్ స్పీచ్ నేను టైప్ చెయ్యాలా?

ప్రశ్న: బాబాయ్ గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. బజారులో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుకుంటున్నాను. మా మేనమామ ఇదివరకు ఒకసారి వార్డు కౌన్సిలర్‌గా చేశారు, వచ్చే ఎన్నికల్లో మళ్ళీ నిలబడతారట. ఆయన ఒడియా స్పీచులు ఇంకెవరో రాస్తారు, తెలుగు వీధుల్లో చెప్పేవి మాత్రం నేనే రాసి టైప్ చేసి ఇస్తాను. ఈమధ్య ఏ మీటింగుకి వెళ్ళినా "ఈ దేశానికి ఒక హిట్లర్ కావాలి, రెండేళ్ళు మిలిటరీ పాలన పెడితే అందరూ దారికొస్తారు, సింగపూర్ చూడండి, చైనా చూడండి, కిమ్ పేరు చెబితే అమెరికాయే వణుకుతోంది" అంటున్నారు. మొన్నయితే హిట్లర్‌ది ఆస్ట్రేలియా అనేశారు. సింగపూర్ చైనాలో ఒక జిల్లా అనుకుంటున్నారు. అయినా జనం చప్పట్లు కొడుతున్నారు. డిగ్రీ చదువుతున్న మా తమ్ముడు కూడా మావయ్య వైపే. నేను తప్పులు దిద్ది ఇవ్వాలా, ఉన్నది ఉన్నట్టు టైప్ చేసి ఊరుకోవాలా? నోరు విప్పితే అమ్మ "మావయ్యకి ఎదురు చెప్పకు, రేపు నీ పెళ్ళికి పెద్ద దిక్కు ఆయనే" అంటోంది.

సమాధానం: అమ్మా, ఆస్ట్రేలియా దగ్గర గట్టిగా నవ్వేశాను, ఇంట్లోవాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు. హిట్లర్ పుట్టింది ఆస్ట్రియాలో, 1889లో. జర్మనీ పౌరసత్వం దొరికింది 1932లో, అంటే గద్దెనెక్కడానికి ఏడాది ముందు. ఇది నువ్వు దిద్దగలవు, అర నిమిషం పని. కానీ దిద్దకు. ఎందుకంటావా, గోడ బీటలు వారితే మేస్త్రీని పిలుస్తాం గానీ సున్నం కొట్టి ఊరుకోం కదా. నువ్వు ఊళ్ళ పేర్లూ సంవత్సరాలూ సరిచేసి ఇచ్చావనుకో, ఆ స్పీచు ఇంకా చదువుకున్నవాడి స్పీచులా వినిపిస్తుంది, "మా మావయ్యకి ఎంత నాలెడ్జో" అని మీ తమ్ముడు ఇంకో రెండు చప్పట్లు ఎక్కువ కొడతాడు. ఇప్పుడున్న తప్పులే నయం, కనీసం ఎవరో ఒకరికైనా అనుమానం వస్తుంది.

మావయ్యని మరీ తక్కువగా చూడకు, ముందే చెబుతున్నా. ఈ జబ్బు పెద్దపెద్దవాళ్ళకే వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌కి ప్రధానిగా చేసి జర్మనీని ఓడించిన లాయిడ్ జార్జ్ 1936లో హిట్లర్‌ని కలిసి వచ్చి, ఇతను జర్మనీకి జార్జ్ వాషింగ్టన్ లాంటివాడని పేపర్లో రాశాడు. మన టాగోర్ 1926లో ముస్సోలినీ ఆతిథ్యంలో ఇటలీ తిరిగి నాలుగు మంచి మాటలు అన్నాడు, అక్కడి పేపర్లు వాటిని ఊదరగొట్టాయి. తర్వాత స్విట్జర్లాండ్‌లో రోమా రోలా అనే ఫ్రెంచి రచయితని కలిశాక, ఆ పాలనలో దెబ్బతిన్నవాళ్ళ మాటలు విన్నాక, ఫాసిజాన్ని తప్పుబడుతూ మాంచెస్టర్ గార్డియన్‌కి ఉత్తరం రాశాడు. ఈ రెండోది నాకు చాలా ఇష్టమైన సంగతి. అంతటి మనిషి కూడా అతిథి మర్యాదలకి మోసపోయాడు, దెబ్బతిన్నవాళ్ళు ఎదురుగా కూర్చుని చెప్పాక మారాడు. ఈ మాట గుర్తు పెట్టుకో, కింద పనికొస్తుంది.

ఇంక ఈ కాలంలో వాళ్ళ గురించి ఎంత తక్కువ మాట్లాడుకుంటే అంత మంచిది. 2018లో ట్రంప్ ఒక సభలో ఉత్తర కొరియా నియంత కిమ్ తనకి అందమైన ఉత్తరాలు రాశాడనీ, ఇద్దరం ప్రేమలో పడ్డామనీ చెప్పాడు, జనం నవ్వుతూ కేకలు వేశారు. 2016లో అదే అమెరికా అధ్యక్ష పదవికి లిబర్టేరియన్ పార్టీ తరఫున నిలబడిన గ్యారీ జాన్సన్‌ని టీవీలో అలెప్పో గురించి అడిగితే "అలెప్పో అంటే ఏమిటి?" అని తిరిగి అడిగాడు. సిరియాలో ఆ ఊరు అప్పటికి నాలుగేళ్ళుగా తగలబడుతోంది. చేతిలో ప్రపంచ పటం పట్టుకుని తిరిగే దేశం వాళ్ళే అలా ఉంటే, మహేంద్రతనయ ఒడ్డున పుట్టి పాతపట్నం సంతకి వెళ్ళడమే ఫారిన్ టూరుగా పెరిగిన మీ మావయ్య నుంచి ఎంత ఆశిస్తాం చెప్పు.

సరే, ఆయన మాటల్లో నన్ను నిజంగా కదిలించింది "రెండేళ్ళు మిలిటరీ పాలన" అన్న ముక్క. ఎందుకంటే అది మన వాళ్ళకే జరిగింది. జర్మనీలో కాదు, బంగాళాఖాతానికి అవతలి ఒడ్డున. మన గంజాం నుంచీ అటు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచీ ఒకప్పుడు జనం స్టీమరెక్కి రంగూన్ పోయేవాళ్ళు. ఈ పక్క వాళ్ళకి గోపాల్‌పూరే రేవు. రేవులో మోత పని, బియ్యం మిల్లుల్లో పని. అక్కడి వాళ్ళు మన తెలుగువాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. ఆ బర్మాలో 1958లో రాజకీయ పార్టీల తగాదాలు ముదిరితే ప్రధాని ఊ నూ తనే స్వయంగా జనరల్ నే విన్‌ని పిలిచి, కొన్నాళ్ళు నువ్వు చూసుకో అని అప్పగించాడు. నే విన్ చూసుకున్నాడు కూడా. రంగూన్ వీధుల్లో చెత్త ఎత్తించాడు, గుడిసెలు ఖాళీ చేయించాడు, ధరలు దించాడు. 1960లో ఎన్నికలు పెట్టించి, గెలిచిన ఊ నూ చేతికి అధికారం తిరిగి ఇచ్చేశాడు. చూశావా, అచ్చం మీ మావయ్య కల. వచ్చాడు, దులిపాడు, వెళ్ళిపోయాడు. లోకమంతా మెచ్చుకుంది.

1962 మార్చి 2న మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎవరూ పిలవలేదు. 1988 దాకా దిగలేదు.

ఆ ఇరవై ఆరేళ్ళలో ఏమేం జరిగిందో మీ తమ్ముడు యూట్యూబ్‌లో వెతికినా దొరుకుతుంది. బ్యాంకులూ, దుకాణాలూ, మిల్లులూ ప్రభుత్వం లాక్కుంది. 1964 మే 17న యాభై, వంద క్యాట్ల నోట్లు (క్యాట్ అంటే అక్కడి రూపాయి) రాత్రికి రాత్రి చెల్లవన్నారు. ఆ నాలుగైదేళ్ళలో దాదాపు 3 లక్షల మంది భారతీయులు ఆ దేశం వదిలేశారు, ఓడల్లో మద్రాసు, విశాఖ రేవుల్లో దిగారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఊరికే రాలేదు. నాకు తెలిసిన ఒక పెద్దాయన బరంపురంలో చాలా ఏళ్ళు పాత ఇనుప సామాన్ల కొట్టు నడిపాడు. ఒకరోజు ఆయన ట్రంకు పెట్టె అడుగున పరిచిన పాత న్యూస్‌పేపరు ఎత్తి నాకు ఒక నోటు చూపించాడు. వంద క్యాట్లది. మడత పెట్టిన చోట పిండిలా రాలుతోంది, దాన్ని రెండు వేళ్ళతో కాదు, అరచేతిలో పెట్టి చూపించాడు, పిచ్చుక పిల్లని చూపించినట్టు. "మా నాయన పన్నెండేళ్ళు మూటలు మోసి దాచిన దాంట్లో మిగిలింది ఇది" అన్నాడు. ఇంకేం అనలేదు. నేనూ అడగలేదు.

నే విన్‌కి జాతకాల పిచ్చి, తొమ్మిది అంకె మీద మోజు. 1987లో మళ్ళీ 25, 35, 75 క్యాట్ల నోట్లు రద్దు చేసి, ఈసారి పైసా పరిహారం ఇవ్వకుండా, తొమ్మిదితో భాగించబడే 45, 90 క్యాట్ల నోట్లు తెచ్చాడు. నలభై అయిదు రూపాయల నోటు, ఊహించుకో. యుద్ధానికి ముందు ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం అది, అదే 1987లో ఐక్యరాజ్యసమితి లెక్కలో అతి వెనకబడిన దేశాల జాబితాకెక్కింది. జనం రోడ్డెక్కితే కాల్చారు, 1988లో. ఇదంతా "రెండేళ్ళు" అనుకున్నవాళ్ళకి వచ్చిన చిక్కు. అధికారం ఇచ్చేటప్పుడు రెండేళ్ళని చెప్పగలం, తిరిగి ఇచ్చేది మాత్రం వాడి ఇష్టం.

హిట్లర్ రోడ్లేశాడు అని కూడా మావయ్య అని ఉంటారు, నువ్వు రాయలేదు గానీ అనకుండా ఉండరు. జర్మనీలో ఆటోబాన్ అనే ఆ పెద్ద రోడ్లలో మొదటిది కొలోన్ నుంచి బాన్‌కి, 1932 ఆగస్టులో ప్రారంభమైంది, అప్పటికి హిట్లర్ ఇంకా గద్దెనెక్కలేదు. ప్రారంభించింది కొలోన్ మేయర్ కోన్రాడ్ అడెనావర్. మరి 1933లో నాజీలు రాగానే ఆ మేయర్‌ని ఏం చేశారు? మార్చి నెలలోనే పీకేశారు. ఒక్క కొలోన్‌లోనే కాదు, ఊరూరా మేయర్లనీ కౌన్సిళ్ళనీ తీసేసి పార్టీ చెప్పినవాళ్ళని కూర్చోబెట్టారు. అమ్మా, నీ కేసులో అసలు పాయింటు ఇదే, మిగతాదంతా నా వాగుడు. మీ మావయ్య హిట్లర్ కావాలి అంటున్నప్పుడు ఆయన మనసులో తనని హిట్లర్ పక్కన నిలబెట్టుకుంటున్నారు, కుర్చీకి కుడి వైపున. అక్కడ ఆయనకి చోటు లేదు. ఆయన వార్డు కౌన్సిలర్. నియంత వచ్చిన మొదటి నెలలో ఉద్యోగం పోయేది ఆయనకే. నీకూ, నాకూ, ట్రెజరీలో గుమస్తాకీ ఏదో ఒకలా రోజులు వెళ్ళిపోతాయి, ఓట్లతో పైకొచ్చినవాడికే ముందు మూడుతుంది. అడెనావర్‌కి 1949లో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ పదవి దొరికింది, అది ఆయన అదృష్టం. మావయ్యకి అంత ఓపికుందో లేదో నువ్వే అడుగు.

సింగపూర్ సంగతి త్వరగా తేల్చేస్తాను. అది చైనాలో లేదు, మలేసియా కొసన ఒక దీవి. దాదాపు 730 చదరపు కిలోమీటర్లు, మీ గజపతి జిల్లాలో సుమారు ఆరు సింగపూర్లు పడతాయి. 1965లో విడి దేశమయ్యేనాటికి అక్కడ జనం సుమారు 19 లక్షలు, మా గంజాం జిల్లాలో 2011 జనాభా లెక్కల్లోనే 35 లక్షలు దాటాం. అక్కడ లంచాల మీద నిఘాకి పెట్టిన బ్యూరో 1952 నాటిది, లీ క్వాన్ యూ ప్రధాని కాకముందే ఉంది. అంత చిన్న చోట, రేవు మీద బతికే ఊళ్ళో నడిచింది మన దేశంలో నడుస్తుందా అన్నది వేరే చర్చ. ఆయన మంచి చేయలేదని నేనను. కానీ చియా థై పో అనే ప్రతిపక్షం మనిషిని, ఎంపీగా చేసినవాణ్ణి, 1966లో పట్టుకుని విచారణ అన్నదే లేకుండా 23 ఏళ్ళు జైల్లో ఉంచారు. ఆ లైను కూడా స్పీచులో పెట్టమను, అప్పుడు చప్పట్లు ఎలా పడతాయో చూద్దాం.

చైనా గురించి చెప్పడానికి నేనెందుకు, మీ జిల్లాలోనే మనుషులున్నారు. చంద్రగిరిలో టిబెటన్ల క్యాంపులు 1963 నుంచి ఉన్నాయి. దలైలామా 1959లో పారిపోయి వచ్చాక వెనకే వచ్చిన కుటుంబాలు. మొక్కజొన్న వేసుకుంటారు, చలికాలం వస్తే స్వెట్టర్లు అమ్ముకోవడానికి ఊళ్ళ మీద పడతారు. జిరంగ్‌లో వాళ్ళ బౌద్ధ గుడికి మన వాళ్ళు పిక్నిక్‌కి వెళ్ళి సెల్ఫీలు దిగి వస్తారు, వీళ్ళు ఈ కొండల్లోకి ఎందుకొచ్చారు అని ఒక్కడు అడగడు. మల్కన్‌గిరి వెళితే తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ ఊళ్ళు. విదేశాంగం అంటే ఢిల్లీలో ఉంటుందనుకుంటాం గానీ, మన సరిహద్దు జిల్లాల్లో అది సంతలో కూరగాయలు అమ్ముతోంది. టాగోర్‌కి రోలా ఇంట్లో జరిగింది మావయ్యకి చంద్రగిరిలో జరగాలని నా ఆశ. ప్రచారం అని చెప్పకు, స్వెట్టర్ కొందాం రా మావయ్యా అని తీసుకెళ్ళు. అక్కడ ముసలివాళ్ళు ఎవరైనా కనబడితే టీ తాగుతూ కూర్చోండి. నువ్వు మాత్రం మధ్యలో మాట్లాడకు.

చప్పట్ల గురించి. జనం హిట్లర్‌కి కొట్టడం లేదు. కాలువలో పూడిక తియ్యని కాంట్రాక్టరుకీ, పట్టా కాగితానికి పదిసార్లు తిప్పిన గుమస్తాకీ, డాక్టరు లేని ఆసుపత్రికీ ఎవరైనా ఒకడు వచ్చి నాలుగు వాయిస్తే బాగుణ్ణనుకుని కొడుతున్నారు. ఆ కోపం న్యాయమైనదే, దాన్ని వెక్కిరించకు. నాకూ వస్తుంది. మా వయసువాళ్ళు ఇప్పటికీ "ఎమర్జెన్సీలో రైళ్ళు టైముకొచ్చేవోయ్" అంటారు. వచ్చాయేమో. అదే కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకి పైగా ఆపరేషన్లు చేశారు కుటుంబ నియంత్రణ పేరుతో, అందులో బలవంతాన చేసినవి ఎన్నో. కోపంలో ఉన్న మనిషికి తన్నేవాడు కనిపిస్తాడు గానీ, రేపు తన్నులు తినేది ఎవరో కనిపించదు.

ఇంకో సంగతి, ఇది మన ప్రాంతానిదే. 1866 నాటి కరువు, నఅంక కరువని ఒడియావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు, పది లక్షల మంది దాకా పోయారంటారు, మన గంజాం వైపూ తాకింది. వ్యాపారుల దగ్గర బియ్యం ఉందని పైన ఉన్న దొరలు నమ్ముకుని కూర్చున్నారు, లేదని తెలిసి తెప్పించేసరికి వానలు పడి ఓడలు ఒడ్డుకి రాలేదు. చైనాలో 1958 తర్వాత అదే. పైవాడికి కోపమొస్తుందని కింద అధికారులు పండని పంట పండిందని రాశారు, ఆ లెక్క ప్రకారం ధాన్యం ఎత్తుకెళ్ళారు, కోట్ల మంది ఆకలితో చచ్చారు. గట్టిగా మాట్లాడే నాయకుడికి నిజం చెప్పే దమ్ము ఎవరికీ ఉండదు. మీ మావయ్య చుట్టూ చూడు. ఆయన ఏమన్నా అనుచరులు ఒడియాలో "ఆజ్ఞా, ఆజ్ఞా" అంటారు కదా. వాళ్ళ భాషలో అది "అవునండి" అనే మర్యాద మాట, మన భాషలో వింటే హుకుం. హిట్లర్ ఆస్ట్రేలియావాడు అన్నప్పుడు కూడా ఆజ్ఞా అనే ఉంటారు. ఆయన చుట్టూ ఇప్పటికే చిన్న నియంతృత్వం ఉందమ్మా, అందుకే ఆస్ట్రేలియా అందరినీ దాటుకుని మైకు దాకా వచ్చేసింది.

ఇప్పుడు నువ్వు చెయ్యవలసింది. మీటింగులో, పదిమందిలో, అనుచరుల ముందు ఒక్క మాట అనొద్దు, ఆ విషయంలో మీ అమ్మ కరెక్ట్. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన ఒక్కరే వాలు కుర్చీలో ఉన్నప్పుడు కాగితం తీసుకుని వెళ్ళు. "మావయ్యా, హిట్లర్ లైను నేను టైప్ చెయ్యను, అది తప్ప ఇంకేదైనా చేస్తాను" అని సూటిగా చెప్పు. కారణం అడిగితే చరిత్ర పాఠం మొదలెట్టకు, అడెనావర్ కథ ఒక్కటే చెప్పు, మేయర్ ఉద్యోగం ఊడింది అన్న దగ్గర ఆపెయ్. ఆయన రాజకీయం చేసే మనిషి, సీటు పోవడం అన్నది ఆయనకి ఏ భాషలో చెప్పినా అర్థమవుతుంది.

ఖాళీ చేతులతో మాత్రం వెళ్ళకు. ఆ లైను ఉన్న చోట పెట్టడానికి వేరే పేరా రాసి పట్టుకెళ్ళు. ఫారిన్ సంగతులు చెప్పాలన్న ముచ్చట ఉంటే మన ఫారిన్ మనకుంది, వంశధార. ఆంధ్ర, ఒడిశా తగవు, 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో నేరడి బ్యారేజీ మీద తీర్పు ఇచ్చింది, ఈ ఒడ్డు భూమి ఎంత పోతుంది, నీళ్ళు ఎవరికెంత అన్నది మీ జిల్లా రైతు ఇంటి తగవు. లేదా కొరాపుట్ కొండల్లో కొటియా ఊళ్ళు, 1968లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు, అక్కడి వాళ్ళని ఇప్పటికీ రెండు రాష్ట్రాలూ మావాళ్ళే అంటాయి. ఇవి చేత్తో కర్ర పట్టుకున్నవాడు తేల్చలేదు, తేల్చలేడు, కాగితాలు చదివి అవతలివాడితో కూర్చోవాలి. దీని మీద మావయ్య పది నిమిషాలు సరిగ్గా మాట్లాడితే పక్క వార్డువాళ్ళు కూడా కుర్చీలు తెచ్చుకుని కూర్చుంటారు.

మీ తమ్ముడితో వాదన పెట్టుకోకు, ఆ వయసులో వాదిస్తే ఇంకా బిగుస్తాడు. 45 క్యాట్ల నోటు ఫోటో ఫోన్లో చూపించు, ఇది ఎందుకు వచ్చిందో కనుక్కో అను. మిగతాది వాడే వెతుక్కుంటాడు.

మావయ్య కోప్పడి వేరే షాపులో టైప్ చేయించుకుంటాను అంటే చేయించుకోనీ. నాలుగు రోజులు అలుగుతారు, అయిదో రోజు ఆధార్ జిరాక్స్ కోసం అయినా మీ షాపుకే వస్తారు, ఊళ్ళో అప్పు పెట్టేది మేనకోడలే కదా. అన్నట్టు నీ ఉత్తరం చివర, కొట్టేసిన లైనులో, పోయిన ఎన్నికల కరపత్రాల డబ్బులు ఇంకా ఇవ్వలేదని చదవగలిగాను. హిట్లర్ సంగతి మాట్లాడే ముందు అది అడుగు. ఆ తర్వాత అడిగితే కోపంతో ఇవ్వరు.